మోటారుసైకిలు మీటరుకు ఎండదెబ్బ

2023 వేసవిలో ఆరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్సు నగరంలో వరుసగా 31 రోజులపాటు గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గలేదు. సెంటీగ్రేడు మానంలో అది 43.3 డిగ్రీలు. 2024లో 100 డిగ్రీల ఫారన్‌హీటు గాని, అంతకు మించి గాని నమోదైన దినాలు ఎడతెగకుండా 113 సాగాయి. రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగిన మనవారికి ఈ వేడిమి కొత్త కాదు. అన్నాళ్ళు విరామం లేకుండా సాగడమే కొత్త. అటువంటి ఎండలో మనిషి నీడకు చేరుతాడు, కారు గరాజులోనికి పోతుంది. మోటారుసైకిలు మాత్రం కార్యాలయం ముందో, కళాశాల ముందో ఆకాశంకేసి ముఖమెత్తుకొని నిలబడి ఉంటుంది. ఆ ముఖమే మనం వాడుకలో మీటరు అని పిలిచే సూచీఫలకం.

కొన్నేళ్ళు ఇట్లా ఎండిన బండిపై ఒకనాడు అంకెలు కనబడవు. ఫలకంలో ఒక మూల నల్లని మచ్చ పుట్టి క్రమంగా పాకుతుంది. లేదా పైనున్న పారదర్శకమైన మూత పసుపుబారి, మసకబారి, లోపల ముల్లు ఎక్కడున్నదో తెలియదు. యజమాని మరమ్మతు అంగడికి పోతే చాలాచోట్ల వినవచ్చే సమాధానం ఒక్కటే: మీటరు పోయింది, మొత్తం మార్చాలి. ఈ మాట అన్నిసార్లూ నిజం కాదు. ఎండ అన్నది ఒక్క శత్రువు కాదు, ఇద్దరు. ఒకటి వేడి, రెండవది వెలుగు. రెండూ సూర్యుని నుండే వచ్చినా వాటి పని తీరు వేరు, అవి చెరిచే భాగాలు వేరు, వాటికి చేయవలసిన చికిత్స వేరు. ఏది తగిలిందో గుర్తించగలిగితే అనవసరపు ఖర్చు తప్పుతుంది. అంతకంటె ముఖ్యంగా, వేగమెంతో తెలియకుండా, చమురు పీడనం పడిపోయిందని హెచ్చరించే దీపం కానరాకుండా రహదారిపై పోయే ప్రమాదం తప్పుతుంది.

పూర్వపు మీటర్లకు ఈ బాధ తక్కువ. 1902లో జర్మనీలో ఆటో షుల్జె అనే ఆయన పేటెంటు పొందిన పద్ధతినే మోటారు వాహనాలు చాలా దశాబ్దాలు వాడుకొన్నాయి. చక్రంతో పాటు తిరిగే అయస్కాంతం, దాని చుట్టూ ఒక లోహపు గిన్నె, గిన్నెకు ముల్లు, ముల్లును వెనుకకు లాగే సన్నని స్ప్రింగు, ఇంతే సరంజామా. ఎండకు ముల్లుపై ఎరుపు రంగు వెలిసిపోయేది గాని పని ఆగేది కాదు. ఇప్పుడు వేగం, ఇంధనం, గేరు, తిరిగిన దూరం, హెచ్చరికలు అన్నీ ఒకే తెరపై వచ్చి చేరాయి. తెర మూగపోతే అన్నీ ఒక్కసారిగా మూగపోతాయి.

ఫలకం ఎంత వేడెక్కుతుంది?

నిర్మలాకాశంలో సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు భూతలంపై ప్రతి చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. నల్లని తలం అందులో నూటికి 90 పాళ్ళకు పైగా మింగివేస్తుంది. మింగిన శక్తిని గాలికి, ఆకాశానికి అదే జోరుతో తిరిగి అప్పగించగలిగే దాకా ఆ తలం వేడెక్కుతూనే పోతుంది. గాలి కదలనిచోట తలానికీ పరిసరాలకూ మధ్య గల ఒక్కొక్క డిగ్రీ తేడాకు అది వదలుకోగలిగినది చదరపు మీటరుకు 15, 20 వాట్లు మాత్రమే. ఈ లెక్కన 45 డిగ్రీల సెంటీగ్రేడు గాలిలో నిలిపిన నల్లని ఫలకం 80 డిగ్రీలకు చేరుటలో వింత లేదు.

దీనికి తోడు మీటరు నిర్మాణమే ఒక చిన్న గాజుటిల్లు వంటిది. పై మూత వెలుగును, సమీప పరారుణ కిరణాలను లోనికి రానిస్తుంది. లోపలి నల్లని గోడలు వేడెక్కి వెలువరించే దీర్ఘ పరారుణ కిరణాలను బయటికి పోనివ్వదు. గోడలు నల్లగా ఎందుకుండాలి అని అడుగవచ్చు. తెల్లగా ఉంటే ఎండ ప్రతిఫలించి చోదకుని కళ్ళకు కొడుతుంది. కంటికి హితమైనది తెరకు హితం కాలేదన్నమాట.

బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఈ వేడిని తోసుకొనిపోతుంది. కావున మీటరుకు కీడు కలిగేది ప్రయాణంలో కంటె నిలిపిన చోటనే ఎక్కువ. ఎండన నిలిపిన బండిని అప్పుడే తీసి తాళం తిప్పినప్పుడు కొత్తరకం రంగుల తెర మసకగా వెలుగుటకు ఒక కారణం ఇదే. లోపల వేడి మితిమీరినప్పుడు వెనుక దీపాల వెలుగును తగ్గించే ఏర్పాటు చాలా తెరలలో ఉంటుంది. అది జబ్బు కాదు, ఆత్మరక్షణ.

తేటపడే ద్రవం

సాధారణ అంకెల తెరలోని ముఖ్య పదార్థం ద్రవస్ఫటికం. 1888లో ప్రాగ్ నగరంలో పనిచేస్తుండిన ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ క్యారట్ దుంపల నుండి తీసిన కొలెస్టరాలుతో ప్రయోగాలు చేస్తూ ఒక వింత గమనించాడు. కొలెస్టెరిల్ బెంజోయేటు అనే పదార్థం 145.5 డిగ్రీల వద్ద కరిగి మబ్బు పట్టినట్లుండే ద్రవమైంది, 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడిపోయి తేటపడింది. ఆ రెంటి నడుమ ఉన్నది ద్రవంలా ప్రవహిస్తుంది, కాని అణువులు మాత్రం స్ఫటికంలో వలె ఒక దిశకు ఒరిగి నిలుస్తాయి. మామూలు వాతావరణంలో ఈ గుణం చూపగల, చెడిపోకుండా నిలువగల పదార్థాలను ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జి గ్రే బృందం 1973లో ప్రకటించింది. అవే సయనోబైఫినైల్ సమ్మేళనాలు. ఈ శాస్త్రంలో మన దేశానికి గట్టి వాటా ఉన్నదని ఇక్కడ చెప్పుకోవాలి: బిళ్ళల ఆకారపు అణువులు కూడా ద్రవస్ఫటికాలు కాగలవని 1977లో నిరూపించింది బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థకు చెందిన ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు.

తెరలో రెండు గాజు పలకల మధ్య కొద్ది మైక్రాన్ల మందాన ఈ ద్రవం ఉంటుంది. అణువులు ఒక పలక నుండి రెండవ పలక దాకా మరమెట్ల వలె మెల్లగా 90 డిగ్రీలు తిరిగి నిలుస్తాయి. పలకలకు వెలుపల ఇరువైపులా ధ్రువణపు పొరలుంటాయి. నిలువు కమ్ముల కిటికీలో నుండి నిలువుగా పట్టిన కర్ర దూరుతుంది, అడ్డంగా పట్టినది దూరదు. ధ్రువణపు పొర కాంతి తరంగాలకు అటువంటి కిటికీ. ఒక కిటికీకి కమ్ములు నిలువు, రెండవదానికి అడ్డం. మామూలుగానైతే వెలుగు దాటరాదు. కాని నడుమనున్న మరమెట్లు కాంతి ధ్రువణ దిశను కూడా తిప్పి రెండవ కిటికీ దాటిస్తాయి. విద్యుత్తు తగిలినచోట అణువులు నిటారుగా లేచి నిలుస్తాయి, మెట్లు చెదరుతాయి, వెలుగు ఆగిపోతుంది. ఆ నల్లని చోటే మనకు అంకె.

ఇప్పుడు వేడి సంగతి. ప్రతి ద్రవస్ఫటికానికీ తేటపడే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. అది దాటితే అణువులు క్రమం విడిచి మామూలు ద్రవమవుతాయి. గ్రే కనుగొన్నవాటిలో పేరొందిన ఒక సమ్మేళనం 24 నుండి 35 డిగ్రీల మధ్య మాత్రమే ద్రవస్ఫటికం. అదొక్కటే వాడితే వేసవిలో మన వంటింట్లో గడియారం కూడా పనిచేయదు. అందుకే అనేక సమ్మేళనాలను కలిపి, వాహనాలకు తగినట్లు తేటపడే ఉష్ణోగ్రతను బాగా పైకి జరుపుతారు. అంత పైకి జరపని చవుక మిశ్రమం వాడిన తెర అయితే, లేదా వేడి ఆ హద్దును కూడా దాటితే, మరమెట్లు మాయమవుతాయి. కాంతిని తిప్పేవారు లేరు, రెండు కిటికీలు ఎదురెదురు; తెర మొత్తం నల్లబడుతుంది. నల్లని నేపథ్యంపై తెల్లని అంకెలు చూపే తెరలలో కమ్ములు ఒకే దిశకుంటాయి కనుక అక్కడ తెర అంతా తెల్లబోతుంది.

ఈ నలుపును చూసి కంగారు పడనక్కరలేదు. సాయంకాలానికి, నీడలో నిలిపిన కాసేపటికి, అణువులు మళ్ళీ వరుసలో నిలుస్తాయి, అంకెలు తిరిగి వస్తాయి. మధ్యాహ్నం వచ్చి రాత్రికి పోయే మచ్చ ద్రవస్ఫటికపు మచ్చ. రాత్రికి కూడా పోని మచ్చ మరొకటి.

పోని మచ్చ

పోని మచ్చకు కారణం చాలావరకు ధ్రువణపు పొర. 1938లో అమెరికాలో ఎడ్విన్ లాండ్ రూపొందించిన విధానమే నేటికీ దీనికి ఆధారం: పాలివినైల్ ఆల్కహాలు పొరను సాగదీసి, అణుశృంఖలాలన్నీ ఒకే దిశకు ఒరిగేట్లు చేసి, అయొడిన్‌లో నానబెడతారు. అయొడిన్ పరమాణువులు మూడేసి, అయిదేసి చొప్పున గొలుసులుగా ఆ శృంఖలాల వెంట బారులు తీరుతాయి. పాఠశాలలో గంజినీటిపై అయొడిన్ చుక్క వేస్తే పుట్టిన నీలిరంగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దాదాపు అదే రసాయనం ఇక్కడ వెలుగును వడగడుతున్నది. ఆ నీలి గంజినీటిని వేడిచేస్తే రంగు పోతుంది, చల్లారిస్తే తిరిగి వస్తుంది. పొరలో మాత్రం పోయినదంతా తిరిగి రాదు.

పొడి వేడిలో అయిదు పరమాణువుల గొలుసులు ముందుగా తెగుతాయి. ఎర్రని కాంతిని ఆపేవి అవే కాబట్టి, అవి తగ్గిన పొర ఎర్రబారినట్లు కనబడుతుంది. వేడి ఇంకా సాగితే పాలివినైల్ ఆల్కహాలు నుండి నీటి అణువులు విడిపోయి, ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలున్న శృంఖలాలు ఏర్పడుతాయి. వాటిది గోధుమ రంగు. మీటరుపై కాలినట్లుండే మచ్చలో ఇది ఒక పాలు. తేమ కూడా తోడైతే కథ వేరు. ఈ పొరకు ఇరువైపులా రక్షణగా అంటించే ట్రైఅసిటైల్ సెల్యులోజు నీటితో చర్య జరిపి ఎసిటిక్ ఆమ్లం వదలుతుంది. ఆ ఆమ్లమే తిరిగి చర్యను వేగిరపరుస్తుంది. పాత సినిమా రీళ్ళు డబ్బా తెరవగానే వినిగరు వాసన వేయుటకు కారణం ఇదే. చెడిన మీటరు విప్పినప్పుడు కొన్నిసార్లు అదే వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే రోగనిర్ణయం అయిపోయినట్లే. అయొడిన్‌కు బదులు కర్బన రంగులు వాడిన పొరలు వేడిని ఇంతకంటె బాగా ఓర్చుకొంటాయి గాని అంకెల స్ఫుటత్వం కొంత తగ్గుతుంది.

మేలైన విషయమేమంటే, ఈ పొర గాజు పలకకు వెలుపల అంటించి ఉంటుంది. లోపలి ద్రవానికి, విద్యుత్ భాగాలకు ఏమీ కాకపోతే పాత పొరను పదునైన బ్లేడుతో ఒలిచి, మిగిలిన జిగురు తుడిచి, కొత్త పొర అంటిస్తే తెర మళ్ళీ పలుకుతుంది. నిదానమైన చేయి ఉన్న మెకానిక్కు చేయగల పని ఇది. కొత్త పొరను అంటించే ముందు తెరపై ఆనించి మెల్లగా తిప్పి చూడాలి; ఒక కోణంలో అంకెలు స్ఫుటంగా కనబడుతాయి. ఆ కోణానికి 90 డిగ్రీలు తిప్పి అంటిస్తే నలుపు తెలుపు తారుమారై నల్లని నేపథ్యంపై తెల్లని అంకెలు వస్తాయి. కుర్రకారు కొందరు కోరి అట్లా చేయించుకొంటారు.

పొర మార్చుటకూ మీటరు మార్చుటకూ తేడా ధరలో మాత్రమే కాదు. చాలా బండ్లలో తిరిగిన దూరపు లెక్క మీటరులోనే నిక్షిప్తమై ఉంటుంది. మీటరు మారిస్తే లెక్క మారుతుంది. అమెరికాలో 1972 నాటి సమాఖ్య చట్టం ప్రకారం కొత్త మీటరులో పాత మైళ్ళ సంఖ్యనే ఉంచాలి. అది కుదరకపోతే సున్నాకు తెచ్చి, పాత సంఖ్యను, మార్చిన తేదీని వ్రాతపూర్వకంగా బండిపై అతికించాలి. బండి అమ్మదలచినవారికి ఇది చిన్న విషయం కాదు.

నల్లబడిన తెరను చూసి తీర్పు చెప్పే ముందు ఇంకొక చిన్న పరీక్ష ఉన్నది. ఎండ కళ్ళద్దాలు తీసి చూడండి. ధ్రువణ గుణం గల కళ్ళద్దాలు మూడవ కిటికీ వంటివి. వాటి కమ్ములు, తెర కమ్ములు అడ్డం పడితే చక్కని మీటరు కూడా చీకటిగా కనబడుతుంది. తల కొంచెం వాల్చగానే అంకెలు తేలితే, దోషం బండిది కాదు.

వెలుగు చేసే పని

ఇక రెండవ శత్రువు. కాంతి కణాల రూపంలో వస్తుంది. ఒక్కొక్క కణం మోసే శక్తి తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. 300 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో మోలు ఒక్కింటికి 399 కిలోజౌళ్ళు. 600 నానోమీటర్ల నారింజ వెలుగులో 199 మాత్రమే. సామాన్యమైన కర్బన-కర్బన ఏకబంధం తెగుటకు కావలసినది సుమారు 347. అంటే పరారుణ కిరణాలు, ఎర్రని వెలుగు ఎన్ని గంటలు పడినా వేడి చేస్తాయే గాని బంధాన్ని నేరుగా తెంచలేవు. అతినీలలోహిత కణం ఒక్కటి చాలు. భూమిని చేరే ఎండలో ఇవి కొద్ది పాళ్ళే. కాని ప్లాస్టిక్కు ఆయువు నిర్ణయించేది ఆ కొద్ది పాళ్ళే.

మీటరు మూత సాధారణంగా పాలికార్బొనేటుతో చేస్తారు. రాయి తగిలినా పగలదు, 140 డిగ్రీల దాకా మెత్తబడదు. కాని వెలుగుకు లొంగుతుంది. దాని శృంఖలాలలోని కార్బొనేటు బంధం కాంతి కణాన్ని మింగి తెగి, పక్కనున్న బెంజీను వలయానికి వేరే చోట అతుక్కొంటుంది. రసాయనజ్ఞులు దీనిని ఫోటో-ఫ్రీస్ పునర్విన్యాసం అంటారు. ఇంతకంటె పొడవైన తరంగాల వద్ద ప్రాణవాయువు జొరబడి ఆక్సీకరణం సాగిస్తుంది. రెంటికీ ఫలం పసుపు రంగే. ఇందులో ఒక వింత ఉన్నది. మొదటి చర్యలో పుట్టే హైడ్రాక్సీబెంజోఫినోను తరహా పదార్థాలు తామే అతినీలలోహిత కాంతిని మింగి కింది పొరలను కాపాడుతాయి. దెబ్బ తిన్న చర్మమే గొడుగు పట్టినట్లు. అందువల్లనే చెడుపు పైపైన కొద్ది మైక్రాన్ల లోతున మాత్రమే ఉంటుంది, సాన పట్టి నునుపు చేస్తే మూత మళ్ళీ మెరుస్తుంది. కాని సానతో పాటు కర్మాగారంలో వేసిన రక్షణ పూత కూడా పోతుంది. పైన కొత్త పూత వేయకుండా సాన పట్టుట తాత్కాలికపు ముస్తాబు మాత్రమే.

తయారీదారులు ప్లాస్టిక్కులో ముందే కలిపే రక్షకాలు ఈ సూత్రంపైనే పనిచేస్తాయి. బెంజోట్రయజోలు వర్గపు అణువు అతినీలలోహిత కణాన్ని పట్టుకొని, తనలోని హైడ్రోజనును ఒక చోటి నుండి మరొక చోటికి క్షణకాలం జరిపి, ఆ శక్తిని చల్లగా వేడి రూపంలో వదలి, యథాస్థితికి వస్తుంది. ఇట్లా లక్షల సార్లు చేయగలదు. అయితే ఈ వర్గంలోనే బాగా వాడుకలో ఉండిన యూవీ-328 ప్రకృతిలో చెడకుండా నిలిచిపోయి జీవుల శరీరాలలో పేరుకొంటున్నదని తేలినందున 2023లో దానిని స్టాక్‌హోం ఒప్పందపు నిషేధిత జాబితాలో చేర్చారు. ప్లాస్టిక్కు రక్షణ, ప్రకృతి రక్షణ రెండూ కుదిరే అణువులను వెదకుట మా వృత్తిలోని వారికి ఇప్పుడు పెద్ద పని. ఇట్లా తయారైన నమూనాలను పరీక్షించుటకు పరిశ్రమలు ఎంచుకొన్న ప్రసిద్ధ ఎండ స్థలాలు రెండు: ఎండకు తేమ తోడైన దక్షిణ ఫ్లోరిడా, పొడి ఎండకు ఆరిజోనా. మనం ఉక్కపోత అని, వడగాలి అని విడదీసి చెప్పేవే వారికి రెండు ప్రమాణాలు.

చేయదగినది, చేయరానిది

మీటరుపై అంటించే పారదర్శక పొరలు అతినీలలోహిత కాంతిని ఆపవచ్చును గాని వేడిని తగ్గించవు. మూత పసుపుబారకుండా కాపాడుతాయి, తెర నల్లబడకుండా కాపాడలేవు. లేతరంగు గుడ్డ ఒకటి కప్పితే రెండూ తగ్గుతాయి. నల్లని ప్లాస్టిక్కు కప్పు కంటె పాత తెల్ల తువ్వాలు మేలు.

పెట్రోలు, థిన్నరు, అమ్మోనియా కలిసిన గాజు శుభ్రపరచు ద్రవాలు పాలికార్బొనేటును తాకరాదు. అచ్చులో పోసినప్పుడు, మరలు బిగించినప్పుడు మూతలో నిలిచిపోయిన ఒత్తిడి వద్ద అవి సాలెగూడు వంటి పగుళ్ళు తెప్పిస్తాయి. వెలిసిన నల్లని ప్లాస్టిక్కుపై కొబ్బరినూనె రాస్తే కొత్తదిలా కనబడే మాట నిజమే. నూనె సూక్ష్మమైన పగుళ్ళలో నిండి వెలుగు చెదరకుండా చేస్తుంది. నాలుగు రోజులకు దుమ్ము పట్టి మునుపటి కంటె వికారమవుతుంది. మండే మీటరుపై చన్నీళ్ళు చల్లుట అన్నిటికంటె చెడ్డ అలవాటు. లోపలి గాలి 80 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు దిగితే ఏడింట ఒక వంతు ముడుచుకొంటుంది. ఆ ఖాళీని నింపుటకు సందుల వెంట తడిగాలిని, ఒక్కొక్కసారి నీటినే లోనికి పీలుస్తుంది. మరునాడు మూత లోపల పట్టే ఆవిరి అక్కడిదే.

బండి నిలిపే దిక్కు కూడా ఆలోచింపదగినది. మీటరు ముఖం చోదకుని వైపు, అంటే బండి వెనుకకు వాలి ఉంటుంది. కాబట్టి పగలంతా నిలుపవలసినప్పుడు దీపం సూర్యుని వైపుకు ఉండేట్లు నిలిపితే మీటరుపై ఎండ ఏటవాలుగా పడుతుంది. మధ్యాహ్నానంతరం అది పడమర. ఫీనిక్సు వంటి ఉత్తరపు ఊళ్ళలో శీతకాలపు మిట్టమధ్యాహ్నం దక్షిణం. వేసవిలో సూర్యుడు 80 డిగ్రీల ఎత్తుకు వస్తాడు గనుక లాభం స్వల్పం. హైదరాబాదులోనైతే మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. ఆ నెలలలో మిట్టమధ్యాహ్నం ఏ దిక్కుకు తిప్పి నిలిపినా ఒక్కటే, తెల్లగుడ్డ కప్పవలసినదే.